కొత్తపేట పండ్ల మార్కెట్ వెళ్లిపోయాక మా ఏరియా

"మీరు పెరిగిన శివారు కాలనీ ఎంత మారింది? పాత రోజులే బాగుండేవా?" అని అడిగారు.

మాది హైదరాబాద్ తూర్పు వైపు, దిల్‌సుఖ్‌నగర్ దాటాక ఎల్బీనగర్ వెళ్లే దారిలో ఉన్న కొత్తపేట. మా అమ్మ ఇప్పటికీ అక్కడే ఉంటుంది. ఖాళీ ప్లాట్లలో క్రికెట్, సరూర్‌నగర్ చెరువు గట్టు, ఆ తర్వాత అపార్ట్‌మెంట్లు... ఈ కథ ఏ శివారుకైనా ఉంటుంది, మాకూ ఉంది. కానీ మా ఏరియాకి ఏమైందో చెప్పాలంటే నేను పండ్ల మార్కెట్ దగ్గరే మొదలుపెట్టాలి.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ అని పేపర్లలో రాసేది దాన్నే. మేమంతా కొత్తపేట ఫ్రూట్ మార్కెట్ అనేవాళ్లం. 80ల్లో అది సిటీ మధ్యలో నుంచి ఇక్కడికి వచ్చింది. అక్కడ లారీలు తిరగడానికి చోటు లేదు, ఇక్కడేమో పొలాలు, విజయవాడ హైవే, చవక భూమి. శివారుకి ఏవైనా ఇలాగే వస్తాయి. సిటీకి అవసరమే కానీ ఇంటి పక్కన మాత్రం వద్దనుకున్నవి ఊరి చివరికి చేరతాయి. మార్కెట్ వచ్చింది కాబట్టి పని వచ్చింది, పని ఉంది కాబట్టి జనం వచ్చారు.

జనం కూడా ఎక్కువగా ఆ హైవే మీద నుంచి వచ్చినవాళ్లే. మా నాన్నది నల్గొండ జిల్లా. మా వీధిలో సూర్యాపేట, కోదాడ, ఖమ్మం వాళ్లు ఎంతమందో. ఊరి నుంచి బస్సెక్కితే సిటీలో మొదట్లోనే తగిలే స్టాపుల్లో ఇదొకటి కాబట్టి ఇక్కడే ప్లాట్ కొనుక్కున్నారు. పండక్కి ఊరెళ్లాలంటే సంచి భుజాన వేసుకుని రోడ్డు మీదకొస్తే చాలు.

మార్కెట్ ఎలా ఉండేదో చెప్తాను. ఏప్రిల్ వచ్చిందంటే రాత్రి పదకొండు నుంచే మామిడికాయల లారీలు. కొల్లాపూర్ వైపు నుంచి కొన్ని, ఖమ్మం వైపు నుంచి కొన్ని. తెల్లవారుజామున వేలం మొదలయ్యేది. రైతు తువ్వాలు భుజాన వేసుకుని తన కుప్ప పక్కన నిలబడేవాడు, కమీషన్ ఏజెంటు వేలం పాట పాడించేవాడు, హమాలీలు తట్టలు మోసేవాళ్లు. కాయలు ఏరడానికి, గడ్డి పరిచి పెట్టెలు సర్దడానికి మా పక్క బస్తీల ఆడవాళ్లు పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేసేవాళ్లు. మామిడి అయిపోతే నల్గొండ బత్తాయి. రోడ్ల మీద తోపుడుబండి పెట్టుకునేవాళ్లంతా అక్కడే సరుకు ఎత్తుకునేవాళ్లు. మా నాన్న ఆదివారం పొద్దున ఒక తట్ట బంగినపల్లి తెచ్చి, ఇంట్లో గడ్డి పరిచి మాగేసేవాడు. ఆ వారం మా ఇల్లంతా ఒకటే వాసన.

ఇక్కడ ఆపేస్తే మీరు "ఆహా ఆ రోజులు" అంటారు. కానీ ఇంకో వాసన కూడా ఉంది. కుళ్లిన పండ్లు గేటు బయటే గుట్టగా పోసేవాళ్లు. వాన పడిందా, ఆ నీళ్లన్నీ వీధిలోకే. ఆవులు, ఈగలు, లారీ హారన్లు. గేటు వైపు వీధుల్లో ఉన్నవాళ్లకి సీజన్ మొత్తం నిద్ర ఉండేది కాదు. పరీక్షలు సరిగ్గా ఆ నెలల్లోనే వచ్చేవి కదా, అదో టెన్షన్. దానికితోడు కార్బైడ్ గొడవ. కాయలు తొందరగా పండాలని కాల్షియం కార్బైడ్ పొట్లాలు పెట్టడం చట్టప్రకారం నిషేధం, అయినా తనిఖీల్లో దొరికిన వార్తలు ఏటా వచ్చేవి. మా నాన్న పచ్చికాయలే తెచ్చి ఇంట్లో మాగేయడానికి అసలు కారణం అదే. వాసన మీద ప్రేమ కాదు.

తర్వాత మారాల్సినవన్నీ మారుతూ వచ్చాయి. నా లెక్కలో వాటిలో పెద్దది నీళ్లు. మా బోర్ నీళ్లు ఉప్పన, పప్పు ఉడికేది కాదు. ట్యాంకర్ వస్తే బిందెలతో పరిగెత్తడమే. 2004 ప్రాంతంలో కృష్ణా నీళ్లు సాహెబ్‌నగర్ రిజర్వాయర్ల దాకా వచ్చాయి, అవి మా వైపే కాబట్టి మాకు మేలు తొందరగానే అందింది. మా అమ్మని అడిగితే మెట్రో కంటే అదే గొప్ప అంటుంది, నేనూ ఒప్పుకుంటాను. 2007లో గడ్డిఅన్నారం, ఎల్బీనగర్ మున్సిపాలిటీలు జీహెచ్ఎంసీలో కలిశాయి. ఇంటి పన్ను కట్టే ఆఫీసు మారింది తప్ప మాకు వెంటనే తేడా ఏమీ తెలియలేదు. 2018 సెప్టెంబర్‌లో ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రో మొదలయ్యాక మాత్రం నిజంగానే సిటీలో కలిశామనిపించింది. ఇప్పుడు ఎవరికి అడ్రస్ చెప్పినా మెట్రో పిల్లర్ నంబరే.

ఇళ్ల సంగతి అందరికీ తెలిసిందే. రెండొందల గజాల ఇల్లు బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కి ఇవ్వడం, సగం ఫ్లాట్లు మనకి, సగం వాడికి. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల పుణ్యమా అని ఇవ్వనివాళ్లు హాస్టల్ పెట్టారు. గ్రూప్స్ నోటిఫికేషన్ పడితే చాలు, మా సందులో టిఫిన్ బండ్లు రెట్టింపు.

చెరువు విషయం నవ్వుతూ చెప్పేది కాదు. సరూర్‌నగర్ చెరువుకి మీర్‌పేట వైపు చెరువుల నుంచి నీళ్లు వస్తాయి, ఇది నిండితే కిందికి చైతన్యపురి మీదుగా మూసీకి పోవాలి. పోయే దారిలో కాలనీలు వచ్చాయి. 2020 అక్టోబర్ వానలకి కోదండరాం నగర్ లాంటి పల్లపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. మాది కొంచెం మెరక కాబట్టి బతికిపోయాం. ఆ కాలనీల్లో ఇల్లు కొన్నవాళ్లకి నీటి దారి గురించి చెప్పినవాళ్లు లేరు. అమ్మేవాడు ఎందుకు చెప్తాడు?

ఇక మార్కెట్. కరోనా మొదట్లో, 2020 వేసవిలో, జనం గుమిగూడతారని మామిడి అమ్మకాలు సిటీ బయట ఉన్న కొహెడ అనే ఊరికి మార్చారు. అక్కడ తాత్కాలికంగా వేసిన షెడ్లు మే నెల గాలివానకి కూలిపోయి మనుషులకి దెబ్బలు తగిలాయి. మళ్లీ వెనక్కి వచ్చింది. 2021లో విజయవాడ హైవే మీద ఇంకా ముందున్న బాటసింగారానికి తరలించాలన్నారు, వ్యాపారులు కోర్టుకెళ్లారు. చివరికి 2022లో పాత షెడ్లు పడగొట్టారు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ఆ స్థలంలో టిమ్స్ (తెలంగాణ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్) పేరుతో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. ఒకప్పుడు సిటీ ఇరుకైందని మా దగ్గరికి పంపిన మార్కెట్‌ని, మేం ఇరుకయ్యామని ఔటర్ రింగ్ రోడ్డు అవతలికి పంపారు.

మా వీధిలో అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. రాత్రిళ్లు నిద్ర పడుతోంది, దోమలు తగ్గాయి. పని పోయినవాళ్ల సంగతి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. గడ్డి పరిచే ఆడవాళ్లు బాటసింగారం దాకా రోజూ వెళ్లి రాలేరు. కొందరు అపార్ట్‌మెంట్లలో ఇంటిపనికి కుదిరారు, కొందరు ఖాళీ చేసి వెళ్లిపోయారు. మా అమ్మకి పండ్లు అమ్మే తోపుడుబండి అతను ఇప్పుడు ఆటో కట్టించుకుని వెళ్లి సరుకు తెచ్చుకోవాలి, ఆ కిరాయి కిలో ధరలోనే కలుస్తుంది.

కాబట్టి పాత రోజులు బాగుండేవా అంటే, ఇల్లు ఎటు వైపు ఉంది, పని ఎక్కడ ఉంది అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. మా ఇంటికైతే ఇప్పుడే బాగుంది.

మార్కెట్ శాశ్వతంగా కొహెడకే వెళ్తుందన్న మాట చాలాకాలంగా ఉంది. మా బంధువు ఒకాయన అటువైపు ప్లాట్ కొందామని నన్ను సలహా అడిగాడు. మార్కెట్ వస్తుందని ఏజెంటు గజానికి రేటు పెంచి చెప్తున్నాడట. ముందు గేటు ఎటు వైపు పెడతారో కనుక్కో బాబాయ్, తర్వాత బేరమాడు అన్నాను.