టోర్నికేకి చేతికి 250, కాలికి 350 పెట్టేస్తే సరిపోతుందా?

నువ్వు అడిగింది ఇదీ: ఆర్థో ఓటీలో, అంటే ఎముకల ఆపరేషన్ థియేటర్లో, టెక్నీషియన్‌గా కొత్తగా చేరావు. ఆపరేషన్ చేసే చోటికి రక్తం రాకుండా చేతికో కాలికో బిగించే కట్టు టోర్నికే, దాని ప్రెషర్ని బీపీలాగే mmHgలో చెప్తాం. "చేతికి 250, కాలికి 350 పెట్టు, రెండు గంటల్లోపు వదిలెయ్, ఇంకేం లేదు" అని మీ సీనియర్ చెప్పాడు. అంతేనా అని నీ అనుమానం.

అంతే కాదు తమ్ముడూ. ఆ రెండు అంకెల కంటే ముందు నేర్చుకోవాల్సింది ఒకటుంది: కట్టిన క్షణం నుంచి విప్పేదాకా ఆ కాలికో చేతికో ఒక మనిషి కాపలా ఉండాలి, ఆ మనిషి ఎవరో గదిలో అందరికీ తెలిసుండాలి. ఇది నాకు పుస్తకం చదివితే తెలిసింది కాదు.

2003లో ఒక చిన్న ఊళ్లో, ఒక నర్సింగ్ హోములో చేసేవాణ్ణి. లారీ క్లీనర్ కుర్రాడు, పాతికేళ్లు కూడా ఉండవు, ముంజేతి ఎముకలు రెండూ విరిగాయి. ఎముకకి ప్లేటు పెట్టి స్క్రూలు బిగించే ప్లేటింగ్ కేసు. మా దగ్గర గాలి కఫ్ లేదు. ఎస్మార్క్ రబ్బరు బ్యాండేజీనే చుట్టుకుంటూ వెళ్లి దండచేతి మీద నాలుగు చుట్లు బిగించి ముడి వేశాను. కట్టింది నేనే. సగం కేసు అయ్యాక సరిపడే స్క్రూలు లేవని తేలింది. ఇంకో ఆసుపత్రి నుంచి సెట్ తెమ్మని మనిషిని పంపారు. అతను వచ్చేదాకా అందరం ఎదురుచూస్తూ నిలబడ్డాం, చెయ్యి కట్టుతోనే ఉంది. "ఎంతసేపైందయ్యా?" అని సార్ అడిగితే "గంటన్నర ఉంటుంది సార్" అన్నాను. ఎక్కడా రాసుకోలేదు, ఊహించి చెప్పాను. తర్వాత మత్తు డాక్టరు గారి చార్టుతో సరిచూస్తే రెండు గంటల నలభై నిమిషాలు.

మర్నాడు ఆ కుర్రాడి మణికట్టు పైకి లేవలేదు, చెయ్యి వేలాడిపోయింది. రేడియల్ నరం దెబ్బతింది. స్ప్లింట్ వేసి ఫిజియోథెరపీ చేయించారు. నాలుగో నెలలో మణికట్టు లేచింది. ఆ నాలుగు నెలలూ వాడు చెకప్‌కి వచ్చిన ప్రతిసారీ "కొంచెం ఎత్తు బాబూ" అని అడిగేవాణ్ణి. వాడు ఎత్తబోయేవాడు, అది లేచేది కాదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

రబ్బరు బ్యాండేజీ విషయం ముందు చెప్తాను, ఎందుకంటే చిన్న ఊళ్లలో ఇంకా అదే కడుతున్నారు. దాని కింద ఎంత ప్రెషర్ ఉందో కట్టినవాడికి కూడా తెలీదు. చుట్టు మీద చుట్టు పడేకొద్దీ నరానికి అక్కర్లేనంత ఒత్తిడి పేరుకుపోతుంది. హార్వీ కుషింగ్ 1904లో గాలితో ఉబ్బే కఫ్ తెచ్చింది ఈ బాధ తప్పించడానికే. నూట ఇరవై ఏళ్లు దాటింది. గాలి ఎక్కించేముందు చేతిలోనో కాలిలోనో ఉన్న రక్తాన్ని పైకి తోయడానికి ఎస్మార్క్ వాడు, తప్పులేదు. అడ్డుకట్టగా మాత్రం వాడొద్దు. చీము పట్టిన కాలు, కణితి, సిరలో రక్తం గడ్డ ఉందన్న అనుమానం ఉన్నప్పుడు తోయడానికి కూడా వద్దు. చెయ్యో కాలో ఎత్తి ఐదు నిమిషాలు పట్టుకుంటే చాలు.

ఇక నీ 250, 350. నలభై ఐదు కిలోల ముసలమ్మ తొడకీ, నూట పది కిలోల మనిషి తొడకీ ఒకే 350 ఎలా పెడతాం? రక్తం ఆగడానికి కావాల్సినంతే పెట్టాలి, పైన కొంచెం వెసులుబాటు. మామూలు లెక్క, చేతికి పైబీపీ మీద 50 నుంచి 75, తొడకి పైబీపీ మీద 100 నుంచి 150. బీపీ 110 ఉన్న మనిషి చేతికి 180 దాకా పెడితే సాధారణంగా సరిపోతుంది, 250 అక్కర్లేదు.

ఇంతకంటే మంచి పద్ధతి, ఆ మనిషికి రక్తం ఏ ప్రెషర్ దగ్గర ఆగుతుందో కొలవడం. కొత్త మెషిన్లు కొన్ని వాటంతట అవే కొలుస్తాయి. లేకపోతే నాడి చప్పుడు వినిపించే డాప్లర్ పరికరాన్ని పాదం నాడి మీద పెట్టి కఫ్ నెమ్మదిగా ఉబ్బించు. చప్పుడు ఎక్కడ ఆగిందో అదే ఆ కాలి అంకె. అది 130 లోపు ఉంటే 40 కలపాలి, 190 దాకా 60, ఆపైన 80. పిల్లలకి 50 కలిపితే చాలు. నేను కొలవడం మొదలుపెట్టాక తెలిసిందేమిటంటే, చాలామందికి అన్నేళ్లూ అవసరానికి మించి బిగించాను. మధ్యలో రక్తం ఊరుతోందని సార్ అంటే ప్రెషర్ పెంచేయకు. ముందు బీపీ ఎంతుందో మత్తు డాక్టరు గారిని అడుగు, కఫ్ జారిందేమో చూడు.

కఫ్ వెడల్పుగా ఉంటే తక్కువ ప్రెషర్‌కే రక్తం ఆగుతుంది. కాబట్టి ఆ అవయవానికి పట్టేవాటిలో వెడల్పైనది ఎంచుకో. చిన్నది చుట్టి చివర్లు అందక టేపు వేయడం ఎప్పుడూ చేయకు. కింద సాఫ్ట్ రోల్ (మెత్తటి దూది పట్టీ) ముడతలు లేకుండా రెండు పొరలు. తొడ లావుగా ఉంటే ఒకరు కండని కిందికి లాగి పట్టుకోవాలి, అప్పుడు చుడితే జారదు.

బెటడిన్, స్పిరిట్ కఫ్ కిందికి దిగకుండా చూడటం చిన్న పని అనిపిస్తుంది. ఒకసారి మోకాలి కేసులో అది దిగి, సాఫ్ట్ రోల్ నానిపోయి, గంటన్నర అలాగే ఒత్తుకుని ఉండిపోయింది. కఫ్ విప్పితే తొడ చుట్టూ కాలినట్టు బొబ్బలు. పేషెంటుకి మోకాలి నొప్పి కంటే ఆ పుండు నొప్పి ఎక్కువైంది. కఫ్ కింది అంచు చుట్టూ అంటుకునే డ్రేప్ వేసి మూసెయ్యి, ఆ తర్వాతే చర్మానికి బెటడిన్ పూయడం. తడిసిందని అనుమానం వస్తే కొత్త రోల్ వేసి మళ్లీ కట్టు. ఎవరు తొందరపెట్టినా సరే.

కట్టకముందు కేస్ షీట్ నువ్వే ఒకసారి చూడు. డయాలసిస్ ఫిస్ట్యులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చెయ్యి అయితే దాని జోలికి వెళ్లొద్దు. కాలి రక్తనాళాల జబ్బు, బైపాస్ చేసిన కాలు, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా మారే వంశపారంపర్య జబ్బు), వీటిలో ఏదున్నా సార్‌కీ మత్తు డాక్టరు గారికీ నోటితో చెప్పాలి, నిర్ణయం వాళ్లది. పాడేరు, భద్రాచలం, ఉట్నూరు వైపు నుంచి వచ్చేవాళ్లని సికిల్ సెల్ పరీక్ష చేయించుకున్నారా అని తప్పకుండా అడుగు. 2023లో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు, చాలామంది దగ్గర ఆ కార్డు సంచిలోనే ఉంటుంది. యాంటీబయాటిక్ కూడా కఫ్ ఉబ్బించకముందే లోపలికి వెళ్లిపోవాలి, కనీసం పది నిమిషాల ముందు. కట్టాక ఇస్తే మందు కోసే చోటికి చేరదు.

టైము సంగతి. గాలి ఎక్కించగానే బోర్డు మీద గంట, ప్రెషర్, నీ పేరు రాసి, పైకి చదువు. మెషిన్‌లో టైమర్ ఉన్నా రాయాలి. అరవై నిమిషాలకి ఒకసారి, తొంభైకి ఒకసారి, ఆ తర్వాత ప్రతి పదిహేను నిమిషాలకీ "సార్, ఇంత అయింది" అని గట్టిగా చెప్పు. విన్నట్టు సార్ నోటితో బదులిచ్చేదాకా చెప్పు. విసుక్కునే సార్లూ ఉంటారు. విసుక్కున్నా పర్వాలేదు, ఆపకు. రెండు గంటలు హద్దు, లక్ష్యం కాదు. పని ఇంకా ఉందంటే వదిలి, పది పదిహేను నిమిషాలు రక్తం పారనిచ్చి, అప్పుడు మళ్లీ ఎక్కించాలి. ఇంప్లాంట్ రాలేదు, సీ-ఆర్మ్ ఎక్స్‌రే మెషిన్ మొరాయించింది, ఇలా పని ఆగిన ప్రతిసారీ "వదిలేద్దామా సార్?" అని నువ్వే అడగాలి. నేను ఆరోజు అడగని మాట అదే.

గాలి వదిలేముందు మత్తు డాక్టరు గారికి చెప్పకుండా బటన్ నొక్కొద్దు. అంతసేపు ఆగిన రక్తం ఆమ్లంతో, పొటాషియంతో, కార్బన్ డయాక్సైడ్‌తో ఒక్కసారిగా గుండెకి చేరుతుంది, బీపీ పడిపోతుంది. రెండు కాళ్లకీ కట్టి ఉంటే ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో వ్యవధి ఇచ్చి వదలాలి. వదిలాక కఫ్, కింద రోల్ రెండూ పూర్తిగా తీసెయ్యి. వదులు చేసి వదిలేసిన రోల్ కూడా సిరలని నొక్కి కాలిని ఉబ్బిస్తుంది. పాదం రంగు, నాడి చూసి, చర్మం చూసి, ఎంతసేపు ఉందో కేస్ షీట్‌లో రాయి.

మోకాలి మార్పిడికి ఈమధ్య కొందరు సార్లు టోర్నికే లేకుండానే చేస్తున్నారు, కొందరు సిమెంట్ వేసేటప్పుడే ఎక్కిస్తారు. టోర్నికేతో చేసినప్పుడు తొలిరోజు నొప్పి ఎక్కువ ఉంటుందనీ, తీవ్రమైన ఇబ్బందులు పెరిగే అవకాశం ఉందనీ జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసే కాక్రేన్ సంస్థ 2020 నాటి సమీక్ష చెప్పింది. మీ సార్ వద్దంటే ఆశ్చర్యపోకు.

చివరిగా వేళ్ల కేసులు. గోరు కేసు, వేలికి కుట్లు, పది నిమిషాల పని. గ్లౌజు వేలు కత్తిరించి వేలి మొదట్లో టోర్నికేగా రింగులా తొడుగుతారు, పనయ్యాక తీయడం మరిచి దాని మీదే కట్టు కట్టేస్తారు. మూడో రోజు కట్టు విప్పితే వేలు నల్లబడి ఉంటుంది. ఇంగ్లండులో ఇలా వేళ్లు పోయిన సంఘటనలు చూసి 2009లో దేశమంతా హెచ్చరిక పంపారు. నేను రింగుకి ఎప్పుడూ ఒక ఆర్టరీ ఫోర్సెప్స్ తగిలించి ఉంచుతాను, అంత బరువు వేలాడుతుంటే ఎవరూ దాని మీద కట్టు కట్టలేరు. చివర్లో సిస్టర్ పనిముట్లు లెక్కపెట్టే కౌంట్‌లో ఆ ఫోర్సెప్స్‌తో పాటు రింగు కూడా లెక్కకి వస్తుంది. లెక్క తేలితేనే డ్రెస్సింగ్ ప్యాక్ విప్పుతాం.