ఐరిష్‌లో చావుకి రెండు మాటలు: బాస్, ఏగ్

బాస్ అనీ ఏగ్ అనీ రెండూ కనిపిస్తున్నాయి, తేడా ఏంటి, ఎక్కణ్ణుంచి వచ్చాయి అని అడిగారు కదా. డబ్లిన్‌లో ఉంటూ సాయంత్రం క్లాసుల్లో ఐరిష్ నేర్చుకుంటున్నా, నాకు తెలిసింది చెప్తా.

రోజూ మాట్లాడేది బాస్, పుంలింగం, పాత ఐరిష్‌లోనూ ఇదే రూపం. మామూలు మాటల్లో అక్కడ చచ్చిపోరు, చావు పొందుతారు. "ఫూర్ షీ బాస్" అంటే వరసగా పొందింది, ఆమె, చావు. మన పేపర్లలో "మృతి చెందారు" అని రాస్తారే, అచ్చం అదే.

మా అమ్మమ్మ పోయిన వారం క్లాసుకెళ్తే టీచర్‌గారు ఎలా ఉన్నావన్నారు, వచ్చిన ముక్కల్తో ఈ వాక్యమే చెప్పా. ఆవిడ నా చెయ్యి పట్టుకుని కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత మెల్లగా "కాల్యూ ఈ" అని కూడా అంటాం అన్నారు. పోగొట్టుకోవడం అనే క్రియ అది, ఎవరు పోగొట్టుకున్నారో చెప్పదు, పోయినావిడ మాత్రం ఉంటుంది. అమ్మ ఫోన్లో "అమ్మమ్మ పోయిందిరా" అన్నది మళ్ళీ వినిపించింది నాకు.

వ్యాకరణంలో తడబడేది షష్ఠి దగ్గర. "చావు యొక్క" అనాలంటే బాస్ కాస్తా బాష్ అవుతుంది, ముందు "అన్" అనే ఆర్టికల్ (ఇంగ్లీషు the లాంటిది) వస్తే మొదటి బ కూడా వ అయిపోయి వాష్, మన గసడదవాదేశంలో ప వ అయినట్టే. చావుకి మూలికా లేదు మందూ లేదు అని వాళ్ళకో సామెత ఉంది, అందులో వినపడేది ఈ వాషే.

ఇక ఏగ్, నాకు మనసుకి పట్టింది ఇదే. పాత ఐరిష్‌లో క తో రాసి గ గా పలికేవారు, అంతకుముందు మధ్యలో న ఉండేది, ఫ్రాన్స్‌లో మాట్లాడే, ఐరిష్‌కి చుట్టమైన బ్రెటన్ భాషలో చావుని మనిషిగా చూపే అంకూలో అది ఇంకా ఉంది, ఐరిష్‌లో మాత్రం న జారిపోయి అచ్చు దీర్ఘమైంది. నూరుని లాటిన్‌లో కెంటుమ్ అంటారు, దానికి చుట్టమైన మాట ఐరిష్‌లో న పోయి కేద్ అయింది కూడా ఇలాగే. వెనక్కి వెళ్తే ఆ మూలం గ్రీకులో శవాన్ని చెప్పే నెక్రోస్‌లో ఉంది, సంస్కృతం నశ్ ధాతువులో ఉంది, అంటే మనం రోజూ అనే నాశనం, నష్టం ఈ ఏగ్‌కి చుట్టాలే!

మనుషులకి వాడితే ఇది కాస్త గంభీరంగా ఉంటుంది. "గొ హేగ్" అంటే చచ్చేదాకా, ఎప్పటికీ అని. నిప్పు ఆరిపోయినా, లైసెన్సు గడువు తీరిపోయినా "ఇన్ ఏగ్" వెళ్ళింది అంటారు.