సటైవా, సటైవం, సటైవస్: మూడూ ఒకటే తల్లీ

చి. బుజ్జికి, పెద్దనాన్న ఆశీస్సులు.

"మొక్కల శాస్త్రీయ నామాల్లో వరికి ఒరైజా సటైవా, వెల్లుల్లికి ఆలియం సటైవం, ముల్లంగికి రఫానస్ సటైవస్. ఏది దేనికో కలిసిపోతోంది పెద్దనాన్నా" అని మొన్న ఫోన్‌లో విసుక్కున్నావు. బట్టీ పట్టబట్టే ఆ చిక్కు. ముందు మాట అర్థం తెలుసుకో.

లాటిన్‌లో 'సెరెరె' అంటే విత్తడం. 'సటుస్' అంటే విత్తినది. దాన్నుంచే 'సటీవుస్' (మనం సటైవస్ అనేది ఇదే) వచ్చింది: మనిషి చేత్తో వేసి పెంచిన పైరు అని. అడవిలో దానంతటది మొలిచినదైతే 'సిల్వెస్ట్రిస్'. విత్తనాన్ని చెప్పే 'సెమెన్' కూడా ఆ ధాతువులోదే. మీ తాతయ్య నారుమడిలో మోకాలి లోతు దిగి, మండె కట్టిన మొలక వడ్లు గుప్పిళ్లతో చల్లడం చిన్నప్పుడు చూశావుగా. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ వరికి పెట్టిన పేరులో ఆ చల్లడమే ఉంది. కుంకుమపువ్వు క్రోకస్ సటైవస్. అది గింజే కట్టదు, దుంపలు పాతాలి. అయినా మనిషి వేస్తేనే బతుకుతుంది కాబట్టి ఆ పేరు దానికీ నప్పింది.

ఇక చివర ఎందుకు మారుతుందంటావా? మన 'మంచి' మారదు: మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి పుస్తకం. సంస్కృతంలో సుందరః, సుందరీ, సుందరమ్ అని మారుతుంది. లాటినూ అంతే. ఒరైజా స్త్రీలింగం, ఆలియం నపుంసకం, రఫానస్ పుంలింగం. విభక్తిలోనూ విశేషణం విశేష్యాన్ని వదలదు. మందుల గ్రంథాల్లో 'అల్లీ సటీవీ బుల్బుస్' అని కనిపిస్తే కంగారు పడకు, వెల్లుల్లి యొక్క గడ్డ అని. రెండు మాటలూ షష్ఠిలోకి వెళ్లాయి.

ఒక్కచోట మాత్రం జాగ్రత్త. చివర్లు ప్రాస కలవాలని అనుకోకు. లాటిన్‌లో చెట్ల పేర్లు చాలావరకు స్త్రీలింగం. అందుకే రావి ఫైకస్ రెలిజియోసా అయింది, రెలిజియోసస్ కాలేదు. నోట్సులో ప్రజాతి పేరు, అంటే జంటలోని మొదటి మాట, పక్కనే దాని లింగం రాసుకో. నా దగ్గర చదివిన పిల్లలందరి చేతా ఆ పనే చేయించాను.

క్లాసులో సటైవా అనే పలుకు, అందరూ అలాగే అంటారు. లాటిన్ పలుకుబడిలో మాత్రం 'టీ' దీర్ఘం, ఊనిక దాని మీదే.

రేపు వంటింట్లో ధనియాల డబ్బా ముందు నిలబడి, కొరియాండ్రం పక్కన ఏ రూపం రావాలో పుస్తకం చూడకుండా రాసి పంపు. కీరదోస కుకుమిస్ సటైవస్. 'ఇస్' అనే చివర చూస్తే లింగం తేలదు. పక్కనున్న విశేషణాన్ని అడుగు, అది చెబుతుంది.

పెద్దనాన్న