పిన్నిగారిని అడగండి: కప్పులో ఖుబానీ కా మీఠా

ప్రశ్న: పిన్నిగారూ, మా అత్తయ్యకు ఖుబానీ కా మీఠా (ఎండు ఆప్రికాట్ పళ్లు ఉడికించి చేసే హైదరాబాదీ తీపి) అంటే ప్రాణం. షుగర్ వచ్చాక మానేశారు. సాయంత్రం టీ తాగితే రాత్రి నిద్ర పట్టదని అదీ మానేశారు. ఆ మీఠా రుచి వచ్చేలా తేయాకు లేని టీ పొడి చేద్దామని బేగంబజార్ నుంచి అరకిలో ఖుబానీ తెచ్చాను. సన్నగా తరిగి, ఏలకుల పొడి, బాదం పలుకులు, కొబ్బరి కోరు, ఖుబానీ గింజలు కొట్టి తీసిన పప్పు అన్నీ కలిపి సీసాలో పోశాను. కాస్తే వేడినీళ్లలో ఏలకుల వాసన తప్ప ఏమీ లేదు. పైన నూనె తెట్టు కట్టింది. మూడు వారాలకు బూజు పట్టింది. తప్పెక్కడ?
– ఒక కోడలు, మల్కాజిగిరి

జవాబు: అమ్మాయీ, నువ్వు మీఠా సరుకునంతా తెచ్చి సీసాలో పోశావు. ఖుబానీ రాత్రంతా నాని, మెత్తగా ఉడికితే గానీ ఆ ముదురు తీపి బయటికి రాదు. కప్పుకు అంత ఓపిక ఎక్కడిది? ఎనిమిది నిమిషాల్లో దిగేవే వెయ్యాలి.

ముందు అడుగున ఒక ఆకు కావాలి. నేను రూయిబోస్ వాడతాను. దక్షిణాఫ్రికా సెడర్‌బర్గ్ కొండల్లో పెరిగే మొక్క, మన కందులు, సెనగల కుటుంబమే. కెఫీన్ ఉండదు కాబట్టి మీ అత్తయ్యగారి నిద్రకు ఢోకా లేదు. ఎక్కువసేపు నానినా వగరెక్కదు. దిగిన రంగు అచ్చం ఖుబానీ పాకం రంగే. పెద్ద సూపర్ మార్కెట్లలో దొరుకుతుంది.

నూరు గ్రాముల పైచిలుకు పొడికి నా కొలత: రూయిబోస్ 55 గ్రాములు, ఎండబెట్టిన ఖుబానీ ముక్కలు 30, దోరగా వేయించి కచ్చాపచ్చాగా దంచిన బార్లీ 12, పన్నీరు గులాబీ రేకులు పిడికెడు, తొక్కతో సహా చితక్కొట్టిన ఏలకులు పది. బార్లీ ఎందుకంటావా? పాకం అడుగంటబోయే ముందు వచ్చే ఆ కమ్మటి మాడు వాసన దానితోనే వస్తుంది. డబల్ కా మీఠా రుచి కావాలంటే ఖుబానీ తగ్గించి బార్లీ పెంచు, ఫిల్టర్ కాఫీలో కలిపే చికోరీ ఒక చెంచా, కుంకుమపువ్వు నాలుగు రేకులు చేర్చు. నేతిలో వేగిన బ్రెడ్డు గుర్తుకొస్తుంది.

ఏలకులు పొడి చేయకు. పొడంతా సీసా అడుగుకు చేరి, మొదటి కప్పు చప్పగా, చివరి కప్పు కషాయంలా ఉంటుంది.

ఇక బూజు సంగతి. దీని గురించి నాకు బాగా తెలుసు, నేనూ దెబ్బ తిన్నదాన్నే. మా చెల్లెలి కూతురి పెళ్లికి రిటర్న్ గిఫ్ట్‌గా ఇలాంటి పొడి 60 డబ్బాలు పంచాను. శ్రావణ మాసం, రోజూ ముసురు. పది రోజులకు విజయవాడ నుంచి వియ్యపురాలు ఫోన్ చేసి, ‘వదినగారూ, మీ టీకి తెల్ల వెంట్రుకలు మొలిచాయండీ’ అన్నారు. చెల్లెలు నాతో నెల రోజులు మాట్లాడలేదు.

ఖుబానీ చేతికి ఎండినట్టే ఉంటుంది, లోపల తడి ఉంటుంది. ఆ తడిని మిగతా పొడంతా పీల్చుకుంటుంది. అందుకే గింజ తీసి, మినప్పప్పు బద్ద అంత ముక్కలు కోసి, మళ్లీ ఎండబెట్టాలి. మే నెల అయితే డాబా మీద పల్చటి గుడ్డ కప్పి మూడు రోజులు. వానాకాలమైతే ఒవెన్‌లో 60 డిగ్రీల దగ్గర, తలుపు కొంచెం తెరిచి, నాలుగైదు గంటలు. ముక్కను విరిస్తే ‘టక్’మనాలి. వంగితే ఇంకా తడి ఉన్నట్టే. చల్లారాక గాజు సీసాలో పోసి, మూత బిగించి రాత్రంతా వదిలెయ్. పొద్దున గాజు లోపల మసక కమ్మితే మళ్లీ ఒవెన్‌లోకే.

బాదం, కొబ్బరి తీసెయ్. వాటిలో ఉన్నది నూనె. అది నీళ్లలో కలవదు, తెట్టు కట్టి, కొన్నాళ్లకు సిక్కు వాసన వేస్తుంది. ఖుబానీ పప్పు అసలే వద్దు. మీఠా మీద అలంకారానికి వేసేది తియ్యటి పప్పు. బజార్లో తియ్యటిదీ చేదుదీ కలిసే వస్తాయి. చేదు పప్పులో అమిగ్డలిన్ అనే పదార్థం ఉంటుంది, అది ఒంట్లో సైనైడ్ విడుదల చేస్తుంది. ఆ వాసన కావాలంటే పావు చెంచా బాదం ఎసెన్స్, అంతే వెనిల్లా ఎసెన్స్ కలిపి, పొడిని పళ్లెంలో పరిచి చిలకరించు. గంటసేపు ఆరనిచ్చి సీసాలో పెట్టి, రెండు రోజులు ముట్టుకోకు. మొదటి రోజు మందుల షాపు వాసన వస్తుంది, టెన్షన్ పడకు. మూడో రోజుకు సర్దుకుంటుంది. వెనిల్లా వాసన తగిలితే చక్కెర లేకపోయినా నాలుకకు తీపి ఉన్నట్టే అనిపిస్తుంది.

కప్పుకు రెండు చెంచాలు, తెర్లే నీళ్లు, పైన మూత, ఎనిమిది నిమిషాలు. మలై కావాలంటే చివర్లో చిక్కటి పాలు ఒక చెంచా పొయ్యి. తీపికి అతిమధురం వెయ్యమని ఎవరైనా చెబితే, అత్తయ్యగారికి బీపీ ఉందేమో చూసుకో, అది బీపీ పెంచుతుంది. ఖుబానీలోనూ చక్కెర ఉంటుంది. కప్పు అడుగున మిగిలిన ముక్కలు ఆవిడ చెంచాతో తినేయకుండా కనిపెట్టుకో. మా ఆయన అలాగే తింటూ దొరికిపోయారు.

ప్రశ్న: హైబిస్కస్ టీలో పాలు పోస్తే విరిగిపోయింది. అది మన మందారమేనా?
– ఉప్పల్ పాఠకురాలు

జవాబు: పూజకు కోసే మందారం కాదమ్మా, దానికి దగ్గరి చుట్టం ఎర్ర గోంగూర. పువ్వు రాలాక కాయ చుట్టూ ఉబ్బే ఎర్రటి రక్షక పత్రాలను ఎండబెట్టి అలా అమ్ముతారు. గోంగూరలో పాలు పోస్తే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా! దాల్చినచెక్క, నాలుగు ఎండు ద్రాక్షలు వేసి పాలు లేకుండా తాగు.

ప్రశ్న: తేయాకు లేని ఇలాంటి పొడులు ఇంట్లో చేసి అపార్ట్‌మెంట్లలో అమ్ముదామనుకుంటున్నాను. మసాలా టీ అని స్టిక్కర్లు కొట్టించాను. సరిపోతుందా?
– మణికొండ నుంచి ఒక యువకుడు

జవాబు: సరిపోదు బాబూ. ఇంటి వంటగదైనా ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు, బరువు, తయారీ తేదీ, శాకాహారమని తెలిపే పచ్చ చుక్క, ఎక్కువ వేసినదాని పేరు ముందు వచ్చేలా సరుకుల జాబితా డబ్బా మీద ఉండాలి. ఆ నిబంధనల్లో టీ అంటే తేయాకు మొక్క నుంచి వచ్చిందే. నీ పొడిలో తేయాకు లేదంటున్నావు కాబట్టి, స్టిక్కర్లు మళ్లీ కొట్టించు.