పంపుకు తల ఉంటుందా?

సందేహం: ఇంట్లో ఆక్వాపోనిక్స్ పెట్టుకుంటున్నాను. కింద చేపల తొట్టి, దాని మీద గులకరాళ్లు నింపిన మొక్కల తొట్టి. నీళ్లు పైకి పంపడానికి పంపు కొనబోతే, దాని పెట్టె మీద తెలుగులో "గరిష్ఠ తల 2 మీటర్లు, ప్రవాహం గంటకు 1000 లీటర్లు" అని ఉంది. పంపుకు తల ఏమిటండీ? దాన్ని మనం ఏమనాలి? పంపు నీళ్లను తోడుతుందా, ఎత్తుతుందా? అసలు ఆక్వాపోనిక్స్‌కు తెలుగు మాట ఉందా? – ఒక పాఠకుడు

సమాధానం: మీ ఉత్తరంలో ఈ సందేహాలన్నిటి కంటే రుచికరమైనది ఒకటుంది. దాన్ని మీరు అడగకుండానే దాటిపోయారు. "పైకి పంపడానికి పంపు" అన్నారు చూడండి, ఆ రెండు పంపులూ ఒకటేనా? ముందు ఆ సంగతి తేల్చనివ్వండి. తల ఎక్కడికీ పోదు.

మొదటి పంపు అచ్చతెలుగు క్రియ. దాని పాత రూపం పనుపు. పనుచు అన్నా అదే. రెండిటికీ మూలం మనం రోజూ అనే 'పని'. ఒకరికి పని చెప్పి పురమాయించడమే పనుచుట. పని చెప్పించుకున్నవాడు అక్కడే కూర్చోడు కదా, బయల్దేరతాడు. అలా పురమాయింపు అనే అర్థం వెనక్కి తగ్గి, వెళ్లేలా చేయడం అనే అర్థం ముందుకొచ్చింది. పలుకుబడిలో పనుపు నడిమి ఉకారం జారిపోయింది, మిగిలిన నకారం పకారాన్ని తాకి మకారమైంది, పంపు తయారైంది. ఇది దీనికొక్కదానికే జరిగిన వింత కాదు. అనుపు అనే మరో మాట ఇదే దారిలో అంపు అయింది. పెళ్లిళ్లలో అంపకాలు అంటామే, అది దాని సంతానమే. తమిళుల పణి కూడా ఈ ఇంటిదే. అక్కడ దానికి ఊడిగమనీ ఆజ్ఞ అనీ రెండర్థాలూ ఉన్నాయి.

మన దగ్గరా పంపు నామవాచకంగా ఉన్నప్పుడు ఆజ్ఞే. "తండ్రి పంపున అడవికి వెళ్లాడు" అంటే తండ్రి ఆనతి మీద వెళ్లాడని. ఈ కాలపు కుర్రవాడు ఆ వాక్యం చదివితే దశరథుడికి నీళ్ల మోటారు ఎక్కడిదని అడిగినా ఆశ్చర్యపోను. పనుచు కుదించుకుపోతే పంచు కూడా అవుతుంది. పాత కావ్యాల్లో "దూతను పంచె" అని కనిపిస్తే దూతను ముక్కలు చేసి పంచిపెట్టారని కంగారుపడకండి, పంపారని అర్థం. పంపకాల పంచు వేరే ఇంటిది.

రెండో పంపు ఇంగ్లీషు నుంచి వచ్చిన అతిథి. ఇంగ్లీషుకు అది డచ్చి భాష వైపు నుంచి వచ్చిందంటారు. నీళ్లు కొట్టేటప్పుడు వచ్చే చప్పుడే ఆ మాటకు పుట్టిల్లు కావచ్చు. మన నాలుక బస్‌ను బస్సు చేసినట్టే దీనికీ చివర ఉకారం తగిలించింది. ఆ ఉకారంతో అది సరిగ్గా మన పాత పంపు మీద వచ్చి కూర్చుంది. నీళ్లు పంపేది కాబట్టి పంపు, మన మాటనే దొరలు పట్టుకుపోయారు అని చెప్పేవాళ్లు తయారయ్యారు. వాళ్ల భాషాభిమానానికి దండం పెట్టాలి గాని, శాస్త్రానికి కాదు. ఇంగ్లీషులో ఆ మాట 15వ శతాబ్దానికే ఉంది, డచ్చివాళ్లు మన తీరంలో దిగింది 17వ శతాబ్దం మొదట్లో. ధ్వని కలిసిందని చుట్టరికం కలపకూడదు. అయితే ఈ కాకతాళీయం వల్ల మనకొచ్చిన నష్టమేమీ లేదు. ఆజ్ఞ అనే పాత పంపు ఎలాగూ వాడుకలో లేదు, ఖాళీ చోట్లోకే కొత్తది వచ్చింది.

ఇక మీ తల. ఇంగ్లీషులో నీటి విషయంలో హెడ్ అంటే ఎత్తు. ఆ సంగతి తెలియని మనిషో యంత్రమో దాన్ని తల చేసి మీ పెట్టె మీద అచ్చువేసింది. ఒక్క మాట మార్చి ఊరుకుంటే అర్థం తప్పుతుందన్న జ్ఞానం లేకుండా ఇలా ఎన్ని సరుకుల మీద రాస్తున్నారో! ఎత్తు అనే మాట మనకు ఉండగా దీనికి మరొకటి వెతకనక్కర్లేదు. అది నామవాచకంగా ఉన్నతిని చెబుతుంది, క్రియగా లేవనెత్తడాన్ని చెబుతుంది, పంపు చేసే పనిలో ఈ రెండూ ఉన్నాయి. (చదరంగపు ఎత్తు, తూకపు ఎత్తు ఇక్కడ అవసరం లేదు.) గరిష్ఠం అనేది గురు శబ్దానికి పుట్టింది, మిక్కిలి బరువైనదని అర్థం. ఎత్తుకు బరువేమిటని అడగబుద్ధి అవుతుంది గాని, లెక్కల పుస్తకాల్లో స్థిరపడ్డ మాటతో తగువు పెట్టుకోను.

ఎత్తు అన్నా సరే, దాన్ని ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలో తెలియాలి. కింది తొట్టిలో నీటి మట్టం నుంచి, పైన నీళ్లు పడే గొట్టం మూతి దాకా. పంపు తొట్టి అడుగున కూర్చుంది కదా అని అడుగు నుంచి కొలవకండి. పెట్టె మీది 2 మీటర్లకు అర్థం, ఆ ఎత్తులో చుక్క కూడా పడదని. గంటకు 1000 లీటర్లన్నది అసలు ఎత్తే లేనప్పటి లెక్క. ఈ రెండంకెలూ ఒకేసారి నిజం కావు. నడుమ ఎంత ఎత్తులో ఎన్ని నీళ్లు వస్తాయో పెట్టెలోని కాగితం మీద గీత గీసి చూపిస్తారు, మీరు చదవాల్సింది దాన్ని. ఇంటి తొట్లకు సాధారణంగా చెప్పే లెక్క, చేపల తొట్టిలోని నీరంతా సుమారు గంటకోసారి తిరగాలని. మీది 500 లీటర్ల తొట్టి అయితే, మీ ఎత్తులో గంటకు 500 లీటర్లు రావాలి. టైమర్ పెట్టి గంటకు పావుగంటే నడుపుతారా, అదే నీరు ఆ పావుగంటలో రావాలి, అంటే నాలుగింతల పంపు కావాలి. సన్న గొట్టం వేసినా, వంపులు ఎక్కువైనా నీళ్లు ఇంకా తగ్గుతాయి. కాబట్టి కొంచెం పెద్దదే కొని, మిగులు నీటిని వాల్వు గుండా మళ్లీ చేపల తొట్టిలోనే పడనివ్వండి, ఆ పడడంలో నీటికి గాలి కలుస్తుంది. ఇంత శాస్త్రాన్నీ మన జనం ఏనాడో ఒక్క క్రియలో పెట్టారు: "నీళ్లు ఎక్కట్లేదు" అంటారు. ఆ పెట్టె మీద "2 మీటర్ల ఎత్తుకు నీళ్లు ఎక్కవు" అని రాస్తే మీరు నాకు ఉత్తరం రాసేవారే కాదు.

తోడుతుందా, ఎత్తుతుందా? తోడడంలో లోపలున్నదాన్ని బయటికి తీసేయడం ఉంది. ఎలుక మట్టి తోడిపోస్తుంది, ఏట్లో ఇసుక తోడేస్తారు, బావిలో నీళ్లు తోడతాం. తోడినకొద్దీ అక్కడ తరగాలి, లేదా కొత్తది ఊరాలి. మీ ఏర్పాటులో తరిగేదేముంది? ఎక్కిన నీరు రాళ్ల గుండా మళ్లీ చేపల దగ్గరికే దిగుతుంది. నీరు పల్లమెరుగు కాబట్టి దిగడానికి పంపు అక్కర్లేదు, ఎక్కడానికే కావాలి. అందుకని ఎక్కిస్తుంది, ఎత్తిపోస్తుంది అన్నవి నాకు నప్పుతాయి. లిఫ్ట్ ఇరిగేషన్‌కు ఎత్తిపోతల అని పేరు పెట్టినవారెవరో గాని, వారికి తెలుగు వచ్చు. అలాగని తోడుతుందనడం తప్పని తీర్పు చెప్పలేను. మోటార్లు వచ్చినప్పటి నుంచీ జనం వాటి చేత నీళ్లు తోడిస్తూనే ఉన్నారు, వాడుక వాళ్ల వైపే ఉంది.

పంపు గురించి రాసేవాళ్లంతా "నిరంతరాయంగా ప్రవహింపజేయుట" అని బరువు మోస్తున్నారు. సుమతి శతకకారుడు నివసించదగిన ఊరికి ఉండవలసినవి చెబుతూ "ఎప్పుడు నెడతెగక పారు నేరును" అన్నాడు. ఎడ అంటే సందు. సందు పడకుండా, తెగకుండా పారే ఏరు. పారు అనే క్రియ కూడా చూడండి, అదే ప్రవాహానికీ పరుగుకీ పనికొస్తుంది, పారిపోయినవాడిని అడగండి. ఊరికి చెప్పిన ఆ లక్షణం చేపల తొట్టికీ వర్తిస్తుంది. కరెంటు పోయి పారుదల ఎడతెగితే ముందు ఇబ్బంది పడేది మొక్కలు కావు, ఊపిరాడని చేపలు. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి పక్కన ఉంచుకోండి.

ఆక్వాపోనిక్స్‌ విషయానికొస్తే, అది ఇంగ్లీషులోనే దుష్టసమాసం. ఆక్వా లాటిన్ నీరు, పోనిక్స్ గ్రీకు పోనొస్, అంటే శ్రమ. 1937లో గెరికె అనే శాస్త్రవేత్త హైడ్రోపోనిక్స్ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చాడు, దాని తోకను ఆక్వాకు అతికించారు. శ్రమ సాగుగా మారడం మనకూ కొత్త కాదు, సంస్కృతంలో వ్యవసాయం అంటే గట్టి ప్రయత్నమే. దీనికి "మత్స్యసస్య సమ్మిళిత సహసాగు" వంటివి కల్పించి పిల్లల మీదికి వదలకండి. ఆక్వాపోనిక్స్ అనే రాయండి, విడమరచాల్సి వస్తే చేపల నీటితో మొక్కల సాగు అనండి. చేపల విసర్జనలోని అమ్మోనియాను సూక్ష్మజీవులు నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారిస్తే మొక్కలు తీసుకుంటాయి, ఆ పేరులో ఇదంతా ఇమిడిపోతుంది. మొక్కల తొట్టి నిండి, ఖాళీ అయి, మళ్లీ నిండే పద్ధతికి మాత్రం ఆటుపోటు పద్ధతి అనవచ్చు. సముద్రానికి ఉన్న మాటే అది, పత్రికలవాళ్లు షేర్ మార్కెట్‌కు రాసిచ్చేశారు. అలా నిండిన తొట్టిని దానంతటదే ఖాళీ చేసే గొట్టం అమరిక బెల్ సైఫన్‌ను దయచేసి గంట సైఫను చేయకండి.