మీ ప్రశ్నలు: అంగారకుడి మట్టికి భూసార పరీక్ష

పోయిన నెల చంద్రయాన్-3 గురించి నాలుగు ముక్కలు రాస్తే, చంద్రుణ్ణి వదిలేసి అందరూ అంగారకుడి మీద పడ్డారు. వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకే ప్రశ్నని అటూ ఇటూ తిప్పి అడిగినవే, అందుకని కలిపేశాను. పేర్లు వెయ్యొద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి ఎవరి పేరూ వెయ్యలేదు, ఊళ్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న: మాస్టారూ, మా మడిలో మట్టి తీసి సంచిలో కట్టి భూసార పరీక్షకి ఇస్తే ఫలితం చేతికొచ్చేసరికి వరి కోతలైపోయాయి. ఇక్కడిక్కడే ఇంత సేపైతే, అంగారకుడి మట్టిలో ఇనుమెంత, గంధకమెంత అని అక్కడే ఉంచి ఎలా చెప్పేస్తున్నారు? నిజంగా కొలుస్తున్నారా, అంచనాయేనా?
(ఆమదాలవలస దగ్గర నుంచి ఒక రైతు)

జవాబు: అంచనా కాదండీ, కొలతే. మీ కార్డు ఎందుకు ఆలస్యమైందో మాత్రం నేను చెప్పలేను, మా మేనమామది ఇప్పటికీ రాలేదు.

మన ల్యాబ్‌లో మట్టిని నీళ్లలోనో ఆమ్లంలోనో కలిపి, వడగట్టి, మందులు పోసి రంగు తెప్పించి చూస్తారు. అంగారకుడి మీద సీసాలు కడిగేవాళ్లెవరూ ఉండరు కదా, అందుకని అక్కడ ఎక్కువగా పొడి పద్ధతులే. రాయిని దేంతోనో కొట్టడం, తిరిగొచ్చేదాన్ని చదవడం, అంతే. మీరు బుడితి సామాను ఎప్పుడైనా కొన్నారా? కంచు గిన్నెని వేలితో కొడితే ఖంగుమని సాగుతుంది, ఇత్తడిదైతే ఆ మోత తొందరగా ఆగిపోతుంది. గిన్నెని కొయ్యక్కర్లేదు, కరిగించక్కర్లేదు, మోత వింటే చాలు. మూలకాలకి కూడా ఇలాంటి మోత ఒకటుంది, కాకపోతే అది చెవికి వినపడదు, ఎక్స్‌రే రూపంలో వస్తుంది.

అక్కడ తిరిగే మరబండిని రోవర్ అంటారు, దాని చేతి చివర క్యూరియం-244 అనే రేడియోధార్మిక పదార్థం కొద్దిగా ఉంటుంది. దాన్లోంచి ఆల్ఫా కణాలు, ఎక్స్‌రేలు వచ్చి రాతిలోని పరమాణువుల్ని తాకుతాయి. లోపలి ఎలక్ట్రాన్ ఒకటి ఎగిరిపోతుంది, ఆ ఖాళీలోకి పైనున్నది దిగుతుంది, దిగుతూ ఒక ఎక్స్‌రే వదులుతుంది. దాని శక్తి ఒక్కో మూలకానికి ఒక్కోలా ఉంటుంది: ఇనుముదైతే 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, మాంగనీసుదైతే 5.9, గంధకానిదైతే 2.3. ఏ శక్తి దగ్గర ఎన్ని వచ్చాయో లెక్కపెడితే ఏది ఎంతుందో తేలిపోతుంది. ఈ పరికరం పేరు ఏపీఎక్స్‌ఎస్. 1997లో పాత్‌ఫైండర్ వెంట వెళ్లిన బుల్లి రోవర్ సోజర్నర్ నుంచి ఇప్పటి క్యూరియాసిటీ దాకా దీన్ని మోసుకెళ్లారు. మన ప్రజ్ఞాన్ కూడా 2023 ఆగస్టులో చంద్రుడి దక్షిణ ధ్రువం వైపు దిగి, వంద మీటర్ల పైచిలుకు నడిచి, దీంతోనే 23 చోట్ల మట్టిని పరీక్షించింది.

రెండో పద్ధతి లేజర్. క్యూరియాసిటీ నెత్తిమీదున్న కెమ్‌కామ్ 7 మీటర్ల దూరం దాకా రాతి మీద సన్నటి చోట లేజర్ దెబ్బలు వేస్తుంది. అక్కడి పదార్థం ఆవిరై, మెరిసి, ఆ మెరుపులోని రంగులే మూలకాల జాడ చెప్తాయి. మొదటి నాలుగైదు దెబ్బలకి పైనున్న దుమ్ము ఎగిరిపోతుంది, ఆ తర్వాతవే అసలు రాతివి. ఏపీఎక్స్‌ఎస్‌కి ఆ సదుపాయం లేదు, అది చూసేది వెంట్రుక మందం పైపొరని మాత్రమే, దుమ్ము మీద పెడితే దుమ్ము లెక్కే చెప్తుంది. అందుకని ముందు బ్రష్‌తో ఊడ్చి, స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్లయితే రాతిని కాస్త అరగదీసి, ఆ తర్వాత పరికరాన్ని ఆనించేవి. ఆనించాక గంటల తరబడి అలాగే ఉంచాలి, చాలాసార్లు రాత్రంతా. అంటే అక్కడ కూడా తొందరగా ఏమీ అయిపోదు, మీ అంత ఆలస్యం కాదంతే.

మీరు మట్టి తీసేటప్పుడు ఎనిమిది పది చోట్ల ‘వి’ ఆకారంలో జానెడు లోపు గొయ్యి తవ్వి, పక్క అంచు చెక్కి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురువి రెండు పారేసి, మళ్లీ కలిపి, అలా అరకేజీ మిగిలేదాకా చేస్తారు కదా, గట్టు పక్కన తియ్యరు, గెత్తం పోగు ఉన్నచోట తియ్యరు. రోవర్‌కి ఆ వైభోగం లేదు. అందుకే ఎక్కడ ఆనించాలి అన్నదాని మీదే ఇక్కడ వారాల తరబడి వాదించుకుంటారు. ఒక ముచ్చట చెప్తాను. 2012 అక్టోబరులో క్యూరియాసిటీ మొదటిసారి రాక్‌నెస్ట్ అనే ఇసక మేట దగ్గర మట్టి తోడింది. మొదట తోడిన మట్టిని పరీక్షకి పంపలేదు, పరికరం లోపలంతా తిరిగేలా గడగడా ఊపి పారబోసింది. భూమి నుంచి అంటుకొచ్చిన మడ్డి ఏమన్నా ఉంటే పోవాలని. మన ఇళ్లలో చెంబుని మట్టేసి తోమడమే, ఇంకేం కాదు.

ప్రశ్న: అంగారకుడు తుప్పు వల్ల ఎర్రగా ఉంటాడు అంటారు కదా సార్, మరి లోపల కూడా ఎరుపేనా? ఇంకొకటి, మా దగ్గర మాంగనీసు ఉంది, అక్కడ ఉందా?
(గరివిడి నుంచి ఇంటర్ విద్యార్థిని)

జవాబు: లోపల ఎరుపు కాదమ్మా. 2013 ఫిబ్రవరిలో క్యూరియాసిటీ గేల్ బిలంలో ఒక మెత్తటి రాతికి రంధ్రం వేస్తే, సిమెంటు లాంటి బూడిద రంగు పొడి బయటికొచ్చింది. ఎరుపంతా పైపూతే.

‘ఇనుము ఉంది’ అన్నంతమాత్రాన సగం మాటే చెప్పినట్టు. బియ్యప్పిండి, బెల్లం, నూనె ఉన్నాయని చెప్తే అది అరిసో పాకుండో నీకు తెలుస్తుందా? వంటసరుకుల జాబితా వేరు, వంటకం వేరు. నేను పైన చెప్పిన రెండు పద్ధతులూ జాబితా ఇస్తాయి. వంటకం ఏదో చెప్పేది క్యూరియాసిటీ లోపలున్న కెమిన్. చిన్న మాత్రంత పొడిని ఒక బుల్లి అరలో పోసి, దాన్లోంచి సన్నటి ఎక్స్‌రే పంపిస్తారు, పరమాణువులు వరసలుగా పేర్చుకుని ఉన్న తీరుని బట్టి అవతల వలయాలు పడతాయి. పొడి కదలకుండా ఉంటే అన్ని వైపుల నుంచీ కనపడదు కాబట్టి ఆ అరని సన్నగా అదురుతూ ఉండేలా చేశారు, చేటలో బియ్యం చెరుగుతుంటే గింజలు దొర్లినట్టు రేణువులు దొర్లుతుంటాయి. అలా రాక్‌నెస్ట్ ఇసకలో ఫెల్డ్‌స్పార్, పైరాక్సీన్, ఆలివిన్ ఉన్నాయని తేలింది, అగ్నిపర్వతాల రాయి అరిగితే వచ్చే సరుకు. హవాయి దీవుల మట్టిని పోలి ఉందన్నారు.

ఇనుములో కూడా రకరకాలు. ఆపర్చునిటీ 2004లో దిగినచోట నేలంతా మిరియపు గింజలంత హెమటైట్ (ఇదొక ఇనుప ఆక్సైడు) గుళికలు పరుచుకుని ఉన్నాయి, వాటితోపాటు జారోసైట్ అనే ఇనుప సల్ఫేటు. జారోసైట్ నీళ్లు లేకుండా పుట్టదు, అదీ ఆమ్లపు నీళ్లు. వట్టి ‘ఇనుము ఇంత శాతం’ అన్న కాగితం చూసి ఈ సంగతి ఎవరూ కనుక్కోలేరు.

మాంగనీసు ఉంది. గేల్ బిలంలో రాతి పగుళ్లలో మాంగనీసు ఆక్సైడు పోగుపడి ఉందని ఆ లేజరే పట్టింది. అలా పోగుపడాలంటే నీళ్లు కావాలి, ఆక్సిజన్ లాంటి గట్టి ఆక్సీకారిణి కూడా కావాలి, అందుకే శాస్త్రవేత్తలు దాని గురించి అంత హడావుడి చేశారు. నీకు ఇంకో మాట చెప్పాలి. మీ పక్కనే ఉన్న కోడూరు గనుల పేరు మీద కోడూరైట్ అని ఒక రాయి ఉంది. మాంగనీసు గార్నెట్, ఫెల్డ్‌స్పార్, అపటైట్ కలిసిన రాయి, భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో పనిచేసిన ఫెర్మర్ అనే దొర గత శతాబ్దం మొదట్లో పెట్టిన పేరు. మా కాలేజీ ల్యాబ్‌లో ఒక ముక్క ఉండేది, దాని మీద చీటీ ఊడిపోయి నేను రెండేళ్లు అది బొగ్గనుకున్నాను.

ప్రశ్న: అక్కడి మట్టి తెచ్చి కుండీలో పోస్తే వంగ మొక్క బతుకుతుందా?
(రాజాం)

జవాబు: ముందు ఆ మట్టిని కడగాలి. 2008 మే నెలలో ఫీనిక్స్ అనే నౌక ఉత్తర ధ్రువం వైపు దిగింది. అది తీసుకెళ్లింది మాత్రం నిజంగా మన ల్యాబ్ లాంటిదే: నాలుగు కప్పులు, ఒక్కోదాన్లో భూమి నుంచి పట్టుకెళ్లిన 25 మిల్లీలీటర్ల నీళ్లు, గోడలకి ఎలక్ట్రోడ్లు. మట్టి వేసి కలిపితే పీహెచ్ 7.7 దగ్గర వచ్చింది, సోడియం, మెగ్నీషియం, పొటాషియం కనపడ్డాయి. ఇక్కడిదాకా మన మెట్టచేను కార్డే. అయితే నైట్రేటు కోసం పెట్టిన ఎలక్ట్రోడు మాత్రం పిచ్చెక్కినట్టు చూపించింది. అది నిజంగా నైట్రేటే అయితే వేసిన మట్టి బరువు కంటే నైట్రేటు బరువే ఎక్కువుండాలి! లెక్క ఎక్కడో తప్పిందని తల పట్టుకుని, చివరికి తేల్చింది ఏమిటంటే అది పెర్‌క్లోరేటు. ఆ ఎలక్ట్రోడుకి నైట్రేటు కంటే అదంటేనే ఎక్కువ మోజు. మట్టిలో అర శాతం దాకా ఉంది. దీపావళి మందుల్లో వాడే సరుకది, ఒంట్లోకి వెళ్తే థైరాయిడ్‌కి అయోడిన్ అందకుండా అడ్డుపడుతుంది.

దీనివల్ల పాత కథ ఒకటి తిరగబడింది. 1976లో వైకింగ్ నౌకలు మట్టిని వేడి చేసి చూస్తే క్లోరోమీథేన్ లాంటివి వచ్చాయి. ఆఁ, ఇది మనం పరికరాలు కడిగిన ద్రావణం మిగిలిపోయి ఉంటుందిలే అని పక్కన పెట్టేశారు. పెర్‌క్లోరేటు సంగతి తెలిశాక చిలీలోని అటకామా ఎడారి మట్టిలో అది కలిపి వేడి చేస్తే, అచ్చం అలాంటివే వచ్చాయి. మట్టిలో కార్బన్ పదార్థం ఏదన్నా కాస్త ఉన్నా వేడి చెయ్యగానే పెర్‌క్లోరేటు దాన్ని కాల్చేస్తుందన్నమాట. వెతికే పద్ధతే వెతికేదాన్ని తగలబెడుతోంది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే నచ్చిన ముక్క ఇదే.

ఫీనిక్స్‌కి ఇంకో తిప్పలు కూడా వచ్చింది. కప్పులు కాక వేరే పొయ్యి ఒకటుంది దానికి, దాని మీద మిల్లీమీటరు కన్నాల జల్లెడ. మట్టి వేస్తే ఒక్క రేణువూ దిగలేదు, ముసురు రోజుల్లో బెల్లంపొడిలా ఉండలు కట్టేసింది. రోజుల తరబడి జల్లెడని అదిలించగా అదిలించగా చివరికి దిగింది.

వంగ మొక్క సంగతి మర్చిపోలేదు. పెర్‌క్లోరేటు నీళ్లలో కరుగుతుంది కాబట్టి కడగొచ్చు. క్యూరియాసిటీకి కాస్త నైట్రేటు కూడా దొరికింది. కానీ కుళ్లిన ఆకూ అలమూ, వానపాములూ లేని మట్టి అది, కుండీలో సగం గెత్తం మీరే పొయ్యాలి.

ప్రశ్న: ఇంత ప్లానింగ్ చేస్తారు కదా, అనుకోకుండా దొరికినవి ఏమన్నా ఉన్నాయా?
(పాలకొండ)

జవాబు: ఉన్నాయి, రెండు చెప్తాను, రెండూ చక్రం పుణ్యమే. స్పిరిట్ రోవర్‌కి 2006లో ముందు కుడి చక్రం తిరగడం మానేసింది. ఇక చేసేది లేక దాన్ని వెనక్కి నడుపుతూ ఆ చక్రాన్ని ఈడ్చుకుంటూ పోయారు, నాగలి చాలులా గీత పడింది. 2007లో ఆ చాలులో తెల్లటి మట్టి బయటపడింది, 90 శాతం పైగా సిలికా. వేడినీటి బుగ్గలో, ఆవిరి బుసలో ఉంటే తప్ప అంత శుద్ధంగా పోగుపడదు. చక్రం బాగుంటే దాని మీంచి దర్జాగా వెళ్లిపోయేవాళ్లు. రెండోది 2024 మే నెలలో: క్యూరియాసిటీ ఒక రాయిని తొక్కితే అది పగిలి, లోపల పసుపుపచ్చ స్ఫటికాలు. వట్టి గంధకం. సల్ఫేట్లు అంగారకుడి మీద ఎక్కడపడితే అక్కడ ఉన్నాయి గానీ, దేంతోనూ కలవని గంధకం అంతకుముందు కనపడలేదు. అక్కడికెలా వచ్చిందో ఇంకా తేలలేదు.

ప్రశ్న: అంగారకుడి రాయిని చేత్తో పట్టుకోవడం ఎవరికీ కుదరదా? మా పొలంలో నల్లటి బరువైన రాయి దొరికింది, ఫోటో పంపిస్తున్నాను, చూడండి.
(చీపురుపల్లి)

జవాబు: కుదురుతుంది. పర్సవరెన్స్ రోవర్ 2021 నుంచి జెజెరో బిలంలో రాతి ముక్కల్ని గొట్టాల్లో నింపుతోంది, వాటిని భూమికి తెచ్చే పని మాత్రం ఇంకా ఎటూ తేలలేదు. కానీ ఉల్కలుగా వాటంతట అవే వచ్చి పడ్డ రాళ్లున్నాయి. 1865 ఆగస్టు 25న బీహార్‌లో గయ దగ్గర షెర్గాటిలో ఒకటి పడింది, దాదాపు 5 కిలోలది. ఆ జాతి రాళ్లన్నిటినీ ఇప్పటికీ షెర్గొటైట్లు అనే అంటారు, మన ఊరి పేరే. అవి అంగారకుడివని నమ్మకం కుదరడానికి నూరేళ్ల పైన పట్టింది. అంటార్కిటికాలో దొరికిన అలాంటి రాతిలో చిక్కుకున్న వాయువులు, వైకింగ్ అక్కడ కొలిచిన గాలితో సరిపోయాయి, అప్పుడు నమ్మారు.

ఇక మీ రాయి. ఫోటోలో నిండా బుడగల కన్నాలున్నాయి, ఒక అంచు గాజులా మెరుస్తోంది. ఉల్కలకి పైన పల్చటి నల్ల పెంకు ఉంటుంది, లోపల సాధారణంగా ఇలాంటి కన్నాలుండవు. మీ చుట్టుపక్కల మాంగనీసు కరిగించే కొలుములున్నాయి కాబట్టి ఇది కొలిమి చిట్టెం, అంటే స్లాగ్, అయ్యుంటుందని నా అనుమానం. గోడకి వాడుకోండి, గట్టిగానే ఉంటుంది. నాకు మాత్రం కొరియర్ చెయ్యకండి. ఇలాంటివి మా అరుగు మీద ఇప్పటికే మూడున్నాయి, మా ఆవిడ వాటిని రోజూ ఒకసారి చూస్తుంది, తర్వాత నన్ను చూస్తుంది.