కారు ఫ్లోరుకి స్టీలు రేకు అతుకు వేయొచ్చా?

పాత మారుతి 800లో డ్రైవరు కాళ్ల కింద అరచేయంత చిల్లు పడిందని, వంటగది పనికి తెచ్చిన స్టీలు (స్టెయిన్‌లెస్) రేకు ఇంట్లో మిగిలి ఉందని, దాన్ని వేస్తే ఇక తుప్పు టెన్షన్ ఉండదు కదా అని అడిగారు. వేయొచ్చు. నేనైతే వేయను.

నాది గాజువాక వైపు హోటళ్లకు సింకులు, వంట బల్లలు చేసే చిన్న షాపు. పొద్దున లేస్తే స్టీలు రేకుతోనే పని. పక్క షెడ్డులో కార్ల టింకరింగ్ చేస్తారు. అక్కడ రేకు అడిగినవాళ్లు నా దగ్గరికే వస్తారు కాబట్టి ఈ ప్రశ్న నాకు పాతదే.

స్టీలు అతుకు తుప్పు పట్టదు, నిజమే. దాని చుట్టూ ఉన్న కారు రేకు మాత్రం ఇంకా తొందరగా పోయే ప్రమాదం ఉంది. రెండు రకాల లోహాలు ఒకదానికొకటి తగిలి ఉండి, మధ్యలో తడి చేరితే అక్కడ చిన్న బ్యాటరీలాంటిది తయారవుతుంది. అందులో కరిగిపోయేది మామూలు ఇనుము, స్టీలుకేమీ కాదు. ఆ తడిలో ఉప్పు ఉంటే పని మరీ వేగంగా జరుగుతుంది. విశాఖ లాంటి సముద్రపు ఊళ్లో ఉప్పుకి కొదవేముంది! పెద్ద కారు బాడీలో చిన్న స్టీలు ముక్క కాబట్టి బాడీ మొత్తానికి ముప్పు లేదు. అతుకు అంచు చుట్టూ పెయింటు ఎక్కడ పగిలితే అక్కడే కొరుకుతుంది. మా బావగారి అంబాసిడర్‌కి ఎవరో ఇలాగే స్టీలు అతుకు వేసి అల్యూమినియం రివెట్లు కొట్టారు. కొన్ని వానాకాలాలు గడిచాక కార్పెట్ ఎత్తి చూస్తే అతుకు తళతళలాడుతోంది, రివెట్లు తెల్లటి పొడిగా మారాయి, చుట్టూ ఉన్న ఫ్లోరు స్క్రూడ్రైవరుతో గుచ్చితే దిగిపోయింది. అరచేయంత చిల్లు పళ్లెమంత అయింది.

ఇక వెల్డింగ్ సంగతి. అసలు తలనొప్పి ఇక్కడే. 304 రకం స్టీలులో (సింకులకు వాడే మంచి రకం ఇది) వేడి పాకే వేగం మామూలు ఇనుముతో పోలిస్తే మూడో వంతే. వేడికి సాగడం మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లు. అంటే వేడి ఒక్కచోటే నిలిచిపోతుంది, అక్కడే రేకు ఉబ్బుతుంది. కారు రేకు మందం 0.7, 0.8 మిల్లీమీటర్లు. అంత పలచటి రేకు మీద ఈ ఆట ఆడితే అప్పడంలా వంకర తిరగడం ఖాయం. దాన్ని సుత్తి, డాలీలతో (డాలీ అంటే రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మ) సరిచేద్దామంటే స్టీలు కొట్టేకొద్దీ గట్టిపడుతుంది, వంచితే తిరిగి లేస్తుంది. ఫ్లోరు సంగతి సరే, డోరుకో ఫెండర్‌కో వేస్తే ఆ వంకర కప్పడానికి పుట్టీ మీద పుట్టీ మెత్తాలి.

టింకరింగ్ షెడ్లలో ఉండేది సీఓటూ వెల్డింగ్, అంటే కార్బన్ డయాక్సైడ్ గ్యాసు వదులుతూ తీగ కరిగించి అతికించేది. అందులో ఉండే తీగ మామూలు ఇనుముకి సరిపోయేది. దాంతో స్టీలుని ఇనుముకి అతికిస్తే చూడ్డానికి బాగానే అతుకుతుంది కానీ, అతుకు పెళుసుగా వచ్చి తర్వాత పగులుతుంది. ఈ రెండింటినీ కలపడానికి 309ఎల్ అనే తీగ వాడాలి, గ్యాసు కూడా ఆర్గాన్ ఎక్కువగా ఉన్నది కావాలి. ఒక్క చిల్లు కోసం మేస్త్రీ ఇవన్నీ మార్చడు. పైగా స్టీలు వెల్డింగ్ పొగలో క్రోమియం ఉంటుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు.

మీ దగ్గరున్న రేకు ఏ రకమో కూడా తేల్చుకోవాలి. అయస్కాంతం అంటుకోకపోతే 304 అని చాలామంది అనుకుంటారు. చవకగా దొరికే 202కీ మామూలుగా అంటుకోదు. అందులో నికెల్ తగ్గించి మాంగనీస్ కలుపుతారు. ఉప్పుగాలికి దాని మీద గోధుమరంగు మచ్చలు వస్తాయి. పాత సామాను కొనేవాళ్లు ఒక మందు చుక్క వేసి చిన్న బ్యాటరీ తగిలిస్తారు, ఎర్రబడితే మాంగనీస్ రకమని లెక్క.

"మరి డెలోరియన్ కారు మొత్తం స్టీలే కదా" అని ఎవరో ఒకరు అంటారు. 1980ల తొలి ఏళ్లలో వచ్చిన ఆ కారుకి పైతొడుగు మాత్రమే 304 స్టీలు, దాని కింద ఉన్నది ఫైబర్‌గ్లాస్ బాడీ. ఇంకా కింద ఛాసిస్ మామూలు ఇనుమే, పైన ఎపాక్సీ పూత. ఇప్పుడు ఆ కార్లు ఉన్నవాళ్లను బాధపెట్టేది ఆ ఛాసిస్ తుప్పే.

మీరు చేయాల్సింది ఇది. ఇరవై గేజి సీఆర్‌సీఏ రేకు (కారు బాడీలకు వాడే మామూలు ఇనుప రేకు) తెచ్చుకోండి, చిన్న ముక్కే కాబట్టి పెద్ద ఖర్చు కాదు. చిల్లు వరకే కాకుండా, మెరిసే మంచి ఇనుము కనిపించేదాకా పాతది కోయించండి. కోసే ముందు బ్యాటరీ తీసేయాలి, కార్పెట్ తీసేయాలి, ఫ్లోరు కింద పోయే పెట్రోలు పైపు, బ్రేకు పైపు ఎక్కడున్నాయో చూపించి మరీ పని మొదలుపెట్టించాలి. చుక్క చుక్కగా, మధ్యలో చల్లారనిస్తూ వెల్డింగ్ చేయమనండి. తర్వాత పైనా కిందా రెండు వైపులా ఎపాక్సీ ప్రైమర్, కీళ్ల మీద సీలర్, కింద అండర్‌బాడీ కోటింగ్. షెడ్డులో పైవైపు వేసి కిందవైపు వదిలేస్తుంటారు, లిఫ్ట్ మీద ఎక్కించి మీ కళ్లతో చూసుకోండి.

నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో కనుక్కోకపోతే ఏ రేకు వేసినా ఒకటే. ముందు అద్దం రబ్బరు పాతబడితే వాన నీరు డ్యాష్‌బోర్డు వెనకనుంచి కార్పెట్ కిందకి దిగుతుంది. పక్క సీటు వైపు తడిగా ఉంటే ఏసీ నీళ్ల పైపు మూసుకుపోయిందేమో చూడండి. రెండు బకెట్ల నీళ్లు అద్దం మీద పోసి లోపల చేయి పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

స్టీలే వేస్తానని పట్టుదలగా ఉంటే వెల్డింగ్ జోలికి పోకండి. రేకు రెండు వైపులా ఎనభై నంబరు ఎమెరీతో గరుకు చేసి, ఎపాక్సీ ప్రైమర్ పూర్తిగా ఎండాక, పాలీయురెథేన్ సీలెంటు పరిచి అతికించి స్టీలు రివెట్లే కొట్టండి. రెండు లోహాలు నేరుగా తగలకూడదు. ఇది కాళ్ల కింద మధ్య భాగానికే పనికొస్తుంది. సీటు బోల్టులు, సీటు బెల్టు బిగించే చోటు, జాకీ పెట్టే చోటు, డోరు కింద గడప లాంటి భాగం, వీటికి తుప్పు చేరితే అది బలం మోసే చోటు కాబట్టి మామూలు ఇనుప రేకుతో వెల్డింగే చేయించాలి.

కార్పెట్ పూర్తిగా ఎత్తి, ఆ గడప లోపలి వైపు, సీటు బోల్టుల దగ్గర సుత్తితో మెల్లగా తట్టి చూసి ఒక ఫోటో పెట్టండి. చప్పుడు బొంగురుగా వస్తే ఆ సంగతి కూడా రాయండి, ఎంతవరకు కోయించాలో చెప్తాను.